ఫండ్ కాగితం మీద సంతకం పెట్టేముందు



ఫండ్ అన్న మాట మనకు కొత్త కాదు. రివాల్వింగ్ ఫండ్ చూశాం. సిఐఎఫ్, అంటే కమ్యూనిటీ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ తీసుకుని వాయిదాలు కట్టాం. చిట్‌ఫండ్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఇప్పుడు మ్యూచువల్ ఫండ్ అంటూ ఇళ్లకు వస్తున్నారు. మాట ఒకటే అయినా ఇవి ఒకటి కాదు. సిఐఎఫ్ మనం తీసుకుని తిరిగి కట్టే అప్పు. చిట్టీలో సభ్యుల డబ్బు సభ్యుల మధ్యే తిరుగుతుంది. మ్యూచువల్ ఫండ్‌లో అయితే ఎంతోమంది దగ్గర పోగుచేసిన డబ్బుతో ఒక కంపెనీ షేర్లు, బాండ్లు కొంటుంది. వాటి ధర పెరిగితే మన డబ్బు పెరుగుతుంది, పడితే పడుతుంది.

అందుకని మేము మొదట చెప్పేది వడ్డీ గురించి. మ్యూచువల్ ఫండ్‌లో వడ్డీ ఇస్తామన్న ఒప్పందమే ఉండదు. ఉండేది రాబడి. వడ్డీ ముందే ఒప్పుకున్న లెక్క, రాబడి తర్వాత తేలే లెక్క. "నూటికి రూపాయి వడ్డీ గ్యారంటీ అమ్మా" అని ఎవరైనా అంటే, ఆయనకైనా తెలియదు, లేదా మనకు తెలియదని ఆయనకు తెలుసు. బ్యాంకు డిపాజిట్‌కు ఒక్కొక్కరికి ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకా బీమా ఉంది. ఫండ్‌కు అలాంటి బీమా లేదు. సెబీ అనే సంస్థ నిఘా పెడుతుంది గాని, ధర పడితే నష్టం కట్టివ్వదు. మన దేశంలో ఈ ఫండ్లు 1964లో యుటిఐ వారి యూఎస్-64 పథకంతో మొదలయ్యాయి. సర్కారుదే కదా అని లక్షల మంది పెట్టారు. 2001 జూలైలో ఆ పథకం నుంచి డబ్బు వెనక్కి ఇవ్వడం కొన్నాళ్లు ఆపేశారు. చివరికి ప్రభుత్వం కల్పించుకోవాల్సి వచ్చింది. పెద్ద పేరు చూసి భరోసా పడకూడదని ఇది చెబుతున్నాం.

ఇక ఎన్‌ఏవీ. ఇది ఒక యూనిట్ ధర, పనిరోజుల్లో రోజూ లెక్కగడతారు. "కొత్త ఫండ్, యూనిట్ పది రూపాయలే, చవక" అని చెబుతారు. 5,000 రూపాయలు పెట్టామనుకోండి. పది రూపాయల ఫండ్‌లో 500 యూనిట్లు వస్తాయి. 250 రూపాయల ఫండ్‌లో 20 వస్తాయి. రెండూ నూటికి పది పెరిగితే రెండుచోట్లా మన డబ్బు 5,500 అవుతుంది. మరి చవక ఎక్కడుంది? యూనిట్లు ఎక్కువ వచ్చాయని సంతోషపడటం, నోటు మార్చి చిల్లర తెచ్చుకుని డబ్బు పెరిగిందనుకోవడం లాంటిదే.

డివిడెండ్ అన్న మాట దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఎక్కువమంది ఆడవాళ్లకు నచ్చేది ఇదే, మధ్యమధ్యలో చేతికి డబ్బు వస్తుంది కదా. మన దగ్గర 100 యూనిట్లు ఉన్నాయి, ఒక్కోటి 50 రూపాయలు, మొత్తం 5,000. యూనిట్‌కు 2 రూపాయలు డివిడెండ్ అన్నారు. 200 చేతికొచ్చింది. ఆ రోజే యూనిట్ ధర 48కి దిగుతుంది, అంటే లోపల మిగిలింది 4,800. మన కుండలో బియ్యం తీసి మన చాటలో పోసినట్టు. జనం పొరపడుతున్నారనే సెబీ 2021 ఏప్రిల్ నుంచి ఆ పేరు తీయించింది. ఇప్పుడు ఇన్‌కమ్ డిస్ట్రిబ్యూషన్ కమ్ క్యాపిటల్ విత్‌డ్రాయల్ అని రాయాలి. నోరు తిరగదు గాని పేరులోనే నిజం ఉంది. మన అసలు నుంచి కూడా తీసి ఇవ్వవచ్చని అర్థం. డబ్బు బయటికి తీయకుండా లోపలే ఉంచే రకాన్ని గ్రోత్ అంటారు.

సిప్ అనేది ఫండ్ పేరు కాదు, నెలనెలా కట్టే పద్ధతి. మన పొదుపు లాగానే. యూనిట్ 25 ఉన్న నెల 500కు 20 యూనిట్లు, ధర 20కి పడిన నెల 25 యూనిట్లు. ఒక నెల కట్టలేకపోతే మామూలుగా ఫండ్ వాళ్లు జరిమానా వేయరు. కాని ఖాతాలో డబ్బు లేక వాయిదా తిరిగిపోతే బ్యాంకు చార్జీ కోస్తుంది, దాని మీద జీఎస్‌టీ కూడా. గ్రూపు లోను వాయిదా పడే ఖాతాకే సిప్ తగిలించొద్దని మేము అందుకే అంటున్నాం.

ఖర్చు సంగతి ఎవరూ నోరు విప్పి చెప్పరు. ఎక్స్‌పెన్స్ రేషియో నూటికి ఒకటిన్నర అంటే 10,000 మీద ఏడాదికి సుమారు 150 రూపాయలు. రసీదు రాదు, ధరలోంచే తగ్గించేస్తారు. రెగ్యులర్ ప్లాన్‌లో ఏజెంటు కమిషన్ కలిసి ఉంటుంది, 2013 నుంచి ఉన్న డైరెక్ట్ ప్లాన్‌లో ఉండదు. పనిచేసినవాడు కమిషన్ తీసుకుంటే తప్పు లేదు, ఎంతో అడిగితే చెప్పాలి. ముందే తీసేస్తే కోసేది ఎగ్జిట్ లోడ్. చాలా షేర్ల ఫండ్లలో ఏడాది లోపల తీస్తే నూటికి ఒకటి పోతుంది. పన్ను మినహాయింపు ఫండ్ అయితే మూడేళ్లు తీయనే తీయనివ్వరు. జూన్‌లో పిల్ల ఫీజు కట్టాల్సిన డబ్బు వీటిలో పెట్టేది కాదు.

మూడేళ్లలో నూటికి ముప్పై వచ్చిందంటే ఏడాదికి పది అనుకోకండి, చక్రవడ్డీ లెక్కలో తొమ్మిది చిల్లర. అదీ గడిచిన కాలం సంగతి. నెలకు రెండు రూపాయల వడ్డీ అప్పు ఉన్న అక్క ఏడాదికి నూటికి 24 కడుతోంది. ఆ అప్పు తీర్చడం కంటే లాభం చూపించే ఫండ్‌ను మాకైతే ఎవరూ చూపలేదు.

అయితే అసలు వద్దంటారా అని కొందరు చెల్లెళ్లు అడిగారు. వద్దనం. అప్పు లేకుండా, ఐదారేళ్లు ముట్టుకోని సొంత డబ్బు ఉంటే వాళ్ల ఇష్టం. గ్రూపు పొదుపు, సిఐఎఫ్, లోను తెచ్చిన డబ్బు మాత్రం ఇందులో పెట్టడానికి మేము ఒప్పుకోం. అది పదిమంది డబ్బు.

పెట్టేవాళ్లు ఏజెంటును ఏఆర్ఎన్ నంబరు అడగండి. డబ్బు ఆయన చేతికి గాని, ఆయన ఫోన్‌పే నంబరుకు గాని వద్దు, ఫండ్ పేరు మీదే వెళ్లాలి. కాగితం మీద రిస్కోమీటర్ బొమ్మ ఉంటుంది, ఆరు మెట్లు, ముల్లు ఎక్కడ ఉందో చూడండి. ఫోలియో నంబరు పుస్తకంలో రాసుకోండి, నామినీ పేరు రాయించండి. మొబైల్ నంబరు మీదే ఇవ్వాలి, ఏజెంటుది కాదు.

ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లు వచ్చే గ్రామ సంఘం సమావేశానికి ఆ కాగితాలు తీసుకురండి, బుక్ కీపర్ చెల్లితో కలిసి కూర్చుని చదువుదాం. సెలవు.