సీటు వచ్చింది, దారేదీ?



పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేసిన అమ్మాయి ఈసెట్‌లో అర్హత పొందితే నేరుగా బి.టెక్. రెండో సంవత్సరంలో చేరవచ్చు. సీట్లలో 33⅓ శాతం స్త్రీలకు కేటాయించారు. కాగితం మీద దారి తెరిచే ఉంది.

ఆళ్లగడ్డలో అలా నంద్యాల కాలేజీలో సీటు తెచ్చుకున్న ఒకమ్మాయి ఇంటికి వెళ్లాను. దూరం సుమారు 40 కిలోమీటర్లు. తల్లి అడిగింది: "సీటిచ్చినారు సరేమ్మా, సాయంత్రం బస్సు తప్పితే పిల్ల యాడుండాల?"

ఆమె కొడుకు నంద్యాలలోనే గది తీసుకుని చదువుతున్నాడు. అతని విషయంలో ఈ ప్రశ్నే రాలేదు.

రిజర్వేషన్ సాధించుకోవడంతో మన పని అయిపోలేదు. ఆడపిల్లలకు హాస్టలు, ల్యాబు వదిలే వేళకు బస్సు ఎవరి దయా కాదు, చదువు హక్కులో భాగం. ఆ తల్లి ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం. గట్టిగా అడగాల్సింది మనం.