నూజివీడు దాకా వచ్చిన విశ్వవిద్యాలయం



మాస్టారి పేర జరిగే ఈ సభలో విశ్వవిద్యాలయాల చరిత్ర చెబుతానంటే ఒకరిద్దరు మిత్రులు ఆశ్చర్యపోయారు. ఆయన జీవితమంతా జిల్లా పరిషత్తు హైస్కూల్లో గడిచింది కదా, విశ్వవిద్యాలయం ఊసు ఎందుకన్నారు. పదో తరగతి గదికీ విశ్వవిద్యాలయం గేటుకీ మధ్య ఉన్న దూరమే నేను మాట్లాడదలచుకున్న విషయం. ఆ దూరం తగ్గడానికి మన ప్రాంతంలో నూటయాభై ఏళ్లు పట్టింది.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. తెలుగు జిల్లాల వాళ్లకు పట్టా కావాలంటే చాలాకాలం అదే దిక్కు. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లోనే పాఠశాల తెరిచాడు, తర్వాత అది కళాశాలగా ఎదిగింది. అయినా తిరువూరు, గంపలగూడెం వంటి మన మెట్ట ఊళ్ల రైతుబిడ్డకు బందరు కూడా దూరదేశమే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో పంట పెరిగింది, చేతిలో డబ్బు ఆడింది. ఆ డబ్బుతో కొడుకుల్ని చదివించుకున్నారు. వానను నమ్ముకున్న మనకు ఆ వెసులుబాటు లేదు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలోనే మొదలైంది. కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షులు. అది ఏ ఊళ్లో ఉండాలన్న తగువు కొన్నేళ్లు సాగి, 1930లో వాల్తేరుకు వెళ్లిపోయింది. మన గుమ్మం దాకా వచ్చిన విశ్వవిద్యాలయం అలా మళ్లీ దూరమైంది. 1976లో గుంటూరు, విజయవాడల మధ్య నాగార్జున విశ్వవిద్యాలయం వెలిసింది. నూజివీడు జమీందారీ వంశీకులు, 1974 నుంచి 1980 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసిన ఎం.ఆర్.అప్పారావుగారి పేరుతో నూజివీడులో పీజీ కేంద్రం నడిచింది. విస్సన్నపేట మీదుగా బస్సెక్కితే చేరగల చోట ఎమ్మే చదవొచ్చన్నమాట. చిన్న సంగతి కాదు. కానీ డిగ్రీ గట్టెక్కినవాడికే అది పనికొచ్చింది. పదో తరగతితో ఆగిపోయే పిల్ల సంగతి అప్పటికీ అలాగే ఉంది.

2008 దగ్గర కాసేపు ఆగుతాను. ఆ ఏడాది బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది. అదే ఏడాది శాసనసభ చేసిన చట్టంతో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, మనం ట్రిపుల్ ఐటీ అని పిలుచుకునేది, నూజివీడులో, ఇడుపులపాయలో, బాసరలో ఒకేసారి మొదలైంది. రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణకు వెళ్లింది. 2016లో శ్రీకాకుళం, ఒంగోలు ప్రాంగణాలు చేరాయి. ఛాన్సలర్‌గా రాజ్ రెడ్డిగారు ఉండేవారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, శ్రీకాళహస్తిలో చదివి, గిండీ ఇంజనీరింగ్ కళాశాల మీదుగా అమెరికా వెళ్లి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న శాస్త్రవేత్త ఆయన. పల్లె బడి నుంచి ఎంత దూరం వెళ్లవచ్చో తన బతుకులోనే చూసిన మనిషి.

భవనాల కంటే, లాప్‌టాప్‌ల కంటే ట్రిపుల్ ఐటీ ప్రవేశ నిబంధన గొప్పదని నా అభిప్రాయం. పదో తరగతి పాసైన పిల్లల్ని నేరుగా తీసుకుంటారు. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, ఆరేళ్లూ హాస్టల్లోనే. కోచింగుకు లక్షలు పోయగల తండ్రి అక్కర్లేదు. హాస్టల్ వసతి లేని ప్రభుత్వ బడిలో, అంటే జిల్లా పరిషత్తు, మునిసిపల్ బడుల్లో, చదివిన పిల్లలకు, గ్రేడు పాయింట్లు ఉన్న రోజుల్లో, వచ్చిన పాయింట్లకు మరో 0.4 కలిపి లెక్కేసేవారు. ఇంటి పని, పొలం పని చేసుకుంటూ బడికి వచ్చిన అమ్మాయి తెచ్చుకున్న 9కీ, పొద్దున్నుంచి రాత్రి దాకా చదివించే కార్పొరేట్ బడి పిల్లాడి 9కీ తేడా ఉందని ఒక చట్టబద్ధమైన సంస్థ ఒప్పుకుంది. దాన్ని దయాదాక్షిణ్యం అనేవాళ్లతో నేను ఏకీభవించను. అది సరైన కొలత.

ఇలాంటి ఆలోచన వచ్చింది మనకు మాత్రమే కాదు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, మెక్సికో సరిహద్దున రియో గ్రాండే లోయ ఉంది. అక్కడి జనంలో అత్యధికులు స్పానిష్ భాషా మూలాల కుటుంబాలవాళ్లు. ఎడిన్‌బర్గ్ అనే ఊళ్లో 1927లో, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం తర్వాత ఏడాదికి, ఒక చిన్న కళాశాల పెట్టారు. ఉన్నత విద్యకు ఇచ్చే సొమ్ములో సరిహద్దు ప్రాంతానికి అన్యాయం జరుగుతోందని 1987లో అక్కడివాళ్లు రాష్ట్రం మీద దావా వేశారు. 1993లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానంలో ఓడిపోయారు. కానీ దావా నడుస్తుండగానే, 1989లో, శాసనసభ కదిలి ఆ ప్రాంతానికి ప్రత్యేకంగా నిధులివ్వడం మొదలుపెట్టింది. ఆ కళాశాల వారసత్వంతో 2015లో తలుపులు తెరిచిన కొత్త విశ్వవిద్యాలయంలో ఇవాళ పదిమందిలో తొమ్మిదిమంది ఆ కుటుంబాల పిల్లలే. ఏ హైస్కూల్లోనైనా మొదటి పది శాతంలో నిలిచిన విద్యార్థికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీటు ఇవ్వాలని అదే టెక్సస్ 1997లో చట్టం చేసింది. పేద బడిలో ముందున్నవాడు కూడా ముందున్నవాడేనని దాని అర్థం. మన 0.4కు అది చుట్టమే.

అయితే మన ట్రిపుల్ ఐటీల్లోకి రానిచ్చాక ఏం జరుగుతోంది? ఈ ప్రశ్న మనం గట్టిగా అడగడం లేదు. 2022 జూన్‌లో బాసర విద్యార్థులు వానలో కూర్చుని అడిగినవి ఏమిటి? పూర్తికాలం వీసీ కావాలి, అధ్యాపకులు కావాలి, కనీస వసతులు కావాలి. పదిహేనేళ్ల పిల్లలు తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషు పాఠాల మధ్య పడతారు. వాళ్లకు ఏడాదికోసారి మారిపోయే కాంట్రాక్టు అధ్యాపకుడు చాలడు. ఆరేళ్లు వెన్నంటి ఉండే గురువు కావాలి. ఐఐటీలో ఖాళీ ఉంటే పత్రికలు రాస్తాయి, పల్లె పిల్లల విశ్వవిద్యాలయంలో ఖాళీ ఉంటే సర్దుకోమంటాయి. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారి మనం ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాం, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. మన పిల్లల హక్కు మారలేదు. అందుకే ఈ సభ జరిపే కమిటీవారికి ఒక మనవి. మాస్టారి పేరిట ఉన్న నిధి నుంచి ఏటా శాలువాలకూ జ్ఞాపికలకూ పెట్టే ఖర్చు ఆపండి. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు మండలాల ప్రభుత్వ బడులన్నిటికీ మనుషుల్ని పంపండి. దరఖాస్తు నింపించండి, కావలసిన కాగితాలు సమకూర్చండి, రుసుము కట్టండి. సీటు వచ్చిన పిల్లలకు నూజివీడు వెళ్లేలోగా వేసవిలో ఇంగ్లీషు, లెక్కలు చెప్పడానికి ఇక్కడ కూర్చున్న రిటైర్డ్ ఉపాధ్యాయుల్లో ఎవరెవరు సిద్ధమో ఈ సభ ముగిసేలోగా పేర్లు ఇవ్వండి. మొదటి పేరు నాది రాసుకోండి.