కండరెక్కల చేపలు



చేపరెక్క యనఁగా మనకుఁ దోఁచునది విసనకఱ్ఱవంటి రూపము: సన్నని యీనెలు, వాని నడుమ పలుచని పొర. మన చెఱువులలోని శీలవతికిని, బొచ్చెకును నట్టి రెక్కలే. వేఱొక తెగ కలదు. దాని రెక్క మొదట కండయు, కండలో నెముకలును నుండును. మొట్టమొదటి యెముక యొక్కటియే. మన భుజమునుండి మోచేతివఱకు నున్న యెముక దానికి సాటి.

ఈ తెగలోని సీలకాంతు అను చేప 6 కోట్ల 60 లక్షల యేండ్లకుఁ బూర్వమే నశించెనని పండితులు నమ్మియుండిరి. 1938 డిసెంబరు 22వ తేదీన దక్షిణాఫ్రికాయందలి ఈస్టు లండను రేవులో, ఓడ తెచ్చిన చేపలగుట్టనడుమ, మ్యూజియము నడపుచుండిన మార్జొరీ కోర్ట్నీ లాటిమరు అను యువతి యొక వింత నీలిచేపను గనుఁగొనెను. దాని పొడవు ఐదడుగులు. చెడకుండ నిలుపు ద్రవ్యము చాలక లోపలి యవయవములు పాఱవేయఁబడెను, ఎంత నష్టము! జె. ఎల్. బి. స్మిత్తు పండితుఁడు 1939లో నామె పేరును, చలుమ్నా నది పేరును గూర్చి, లాటిమేరియా చలుమ్నే యని దానికి నామకరణము చేసెను. రెండవది దొరకుటకు 1952 వఱకు వేచియుండవలసి వచ్చెను.

భూచరముల పితామహుఁడే దొరకెనని పలువురు సంతోషించిరి. నేనును బడిలో నట్లే చెప్పితిని. అది తప్పు. సీలకాంతు జన్యుసంపుటము 2013లోఁ బ్రకటింపఁబడఁగా, నాలుగుకాళ్ల జంతువులకు దగ్గఱిచుట్టము సీలకాంతు గాదు, ఊపిరితిత్తుల చేప యని తేలినది. అదియైనను జ్ఞాతియే కాని తాత గాదు. ఆ చేపలు నేఁడు ఆఱు జాతులు: ఆఫ్రికాలో నాలుగు, దక్షిణామెరికాలో నొకటి, ఆస్ట్రేలియాలో నొకటి. ఆఫ్రికాలోనివి నీరెండినప్పుడు బురదలో దాఁగి, వానవచ్చువఱకు గాలి పీల్చి బ్రదుకఁగలవు. నాయొద్దఁ జదివినవా రెవరైన వినుచున్నచో ఆ పాఠమును దిద్దుకొనవలయును.

వ్యాకరణము చదివినవారికి వర్గీకరణమర్మము సులభము. సింగ మను మాట రూపము మాఱినను, సింహశబ్దభవ మని దాని ప్రక్కనే యుంతుము. జంతుశాస్త్రజ్ఞులును నేఁడు పుట్టుకనే ప్రమాణముగాఁ గొనుచున్నారు. ఆ లెక్కను కప్ప, బల్లి, కాకి, ఏనుఁగు, మనమును కండరెక్కల తెగవారమే. వినుటకు నవ్వు వచ్చును. కాని కెనడా యుత్తరపుటంచున 2004లో దొరకిన టిక్టాలిక్ శిలాజము చూడుఁడు. 37 కోట్ల 50 లక్షల యేండ్లనాఁటి యా చేపకు మెడ కలదు, రెక్కలో మణికట్టువంటి యెముకలును గలవు.

ఈ తెగ మన నేలకును గ్రొత్తది గాదు. ప్రాణహితా గోదావరీ లోయయందలి మలేరి శిలలలో ఊపిరితిత్తుల చేపల దంతములు దొరకినవి. అదే లోయలోని కోట శిలలలో దొరకిన సీలకాంతు శిలాజము 1974లో వర్ణింపఁబడినది.