ఫిర్యాదులు చదివే యంత్రానికి తరుగు బాధ తెలియాలి

(మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పెద్ద కంపెనీలు కొనుగోలుదారుల ఫిర్యాదులను ఇప్పుడు కృత్రిమ మేధతో చదివిస్తున్నాయి. ఏ సమస్య ఎక్కువగా వస్తోంది, జనం కోపంగా ఉన్నారా, తృప్తిగా ఉన్నారా అని యంత్రమే లెక్క తీస్తుంది. ఇది సర్కారు దాకా వచ్చింది. కేంద్రానికి వచ్చే ప్రజా ఫిర్యాదులను విశ్లేషించడానికి కాన్పూర్ ఐఐటీ తయారు చేసిన కొత్త వ్యవస్థ 2023 సెప్టెంబరులో మొదలైంది. పీఎం కిసాన్ సందేహాలకు జవాబిచ్చే 'కిసాన్ ఈ-మిత్ర' వచ్చిందీ ఆ నెలలోనే.

మనం దీన్ని వద్దనడం లేదు. వందమంది రైతులు ఒకే విత్తనం మొలవలేదని మొరపెట్టుకుంటే, వంద కాగితాలు వంద ఫైళ్లలో మగ్గుతున్నాయి. వాటిని యంత్రం ఒకచోట చేర్చి చూపిస్తే ఆ లాటు అమ్మకం వెంటనే ఆపించవచ్చు.

కానీ మన మాట దానికి అర్థం కావాలి. వరిలో తాలు అంటే గింజ కట్టని పొల్లు. మిర్చిలో తాలు అంటే రంగు పోయిన కాయ. మందు అంటే ఎరువూ కావచ్చు, పురుగుమందూ కావచ్చు. కొనుగోలు కేంద్రంలో బస్తాకు ఇంత తరుగు తీశారని చెబితే దాన్ని ఏ ఖానాలో వేస్తారు? తప్పు ఖానాలో పడ్డ ఫిర్యాదు తప్పు ఆఫీసుకు పోతుంది. అక్కడ 'పరిష్కారమైంది' అని మూసేస్తారు.

ఇంకో మాట. నోరు విప్పని రైతు బాధ ఏ లెక్కలోకీ రాదు. పట్టా ఒకరి పేరు మీద, నష్టం కౌలు రైతు నెత్తిన. ఫిర్యాదులు తక్కువ వచ్చిన ఊరు సుఖంగా ఉందని ఎవరైనా అంటే మనం ఒప్పుకోం.

అందుకే మూడు డిమాండ్లు పెడుతున్నాం. ఫిర్యాదుల విశ్లేషణను మండలాల వారీగా, పంటల వారీగా బయట పెట్టాలి. రైతు సరేనన్నాకే ఫిర్యాదు మూయాలి. తుది నిర్ణయం అధికారి తీసుకోవాలి, దానికి ఆయనే జవాబుదారీ కావాలి.

మన వంతు పనీ ఉంది. ఫిర్యాదులో సర్వే నంబరు, తేదీ, విత్తన లాటు నంబరు రాయిద్దాం. బిల్లు, ఫిర్యాదు నంబరు దాచుకుందాం. ఫసల్ బీమా అమలవుతున్నచోట వడగళ్లకు, ముంపుకు పంట పోతే 72 గంటల్లోగా 14447కు చెబుదాం. ప్రతి ఊళ్లో సంఘం తరఫున ఒక ఫిర్యాదుల పుస్తకం పెట్టి, రైతు చెప్పింది చెప్పినట్టు రాద్దాం. రేపు సర్కారు లెక్క చూపించినప్పుడు మన పుస్తకం పక్కన పెట్టి అడుగుదాం.