కొండకు పేరు పెట్టిందెవరు?

(మా వాడలో అంబేద్కర్ జయంతి సభలో మాట్లాడిన మాటలు)



ఎవరెస్ట్ కొండ గురించి మన పిల్లలు బడిలో చదువుతారు. లోకంలో అన్నిటికంటే ఎత్తయిన కొండ. ఇంతకీ ఆ ఎవరెస్ట్ ఎవరు? కొండ ఎక్కాడా? ఎక్కలేదు. జార్జి ఎవరెస్ట్ అనే ఆయన కంపెనీ సర్కారు సర్వేకు పెద్ద దొర. 1843లోనే కొలువు దిగి ఇంగ్లండు పోయాడు. ఈ కొండ ఎత్తు తేలింది ఆ తర్వాతే.

సర్వే కాగితాల్లో అది పదిహేనో నంబరు శిఖరం. 1856లో దాని ఎత్తు 29,002 అడుగులని ప్రకటించారు. అప్పటి దొర ఆండ్రూ వా, దీనికి స్థానికంగా పేరేదీ దొరకలేదని చెప్పి, పాత దొర పేరు పెడదామన్నాడు. ఆ పాత దొరే అడ్డు చెప్పాడు. తన పేరు ఇక్కడివాళ్ళకు నోరు తిరగదన్నాడు. అయినా 1865లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆ పేరే ఖాయం చేసింది.

పేరు లేదా? టిబెట్ వాళ్ళు ఆ కొండను చోమోలుంగ్మా అంటారు. ఫ్రాన్సులో 1733లో గీసిన పటంలోనే ఆ పేరుంది. పిలిచేవాళ్ళు లెక్కలోకి రాలేదు, అంతే.

ఇంకోమాట. దేశాన్ని కొలవడానికి తెచ్చిన పెద్ద థియోడొలైట్ యంత్రం సుమారు అర టన్ను బరువు. దాన్ని కొండలెక్కించింది దొరలా? కూలీలు, ఖలాసీలు. 1819లో ఇదే ఎవరెస్ట్ మన కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో సర్వే చేశాడు. జ్వరాలొచ్చి ఆయనా పడ్డాడు, ఆయన మనుషులూ పడ్డారు. ఆయన పేరు కొండకెక్కింది. వాళ్ళ పేర్లేవి? లెక్కలు కట్టిన రాధానాథ్ సిక్దర్ బెంగాలీ బ్రాహ్మణుడు. ఆయనకు అన్యాయం జరిగిందని రాసేవాళ్ళున్నారు. మంచిదే. మరి మూట మోసినోళ్ళ గురించి రాసేదెవరు?

ఈ గోలంతా మనకెందుకంటారా? మన తాతలకు ఇంట్లో ఎల్లయ్య అని పేరు పెడితే, ఊరు ఎల్లిగా అని పిలిచింది. మనం ఉండే చోటుకు మన కులం పేరే తగిలించింది. పేరు పెట్టే హక్కు ఎవడి చేతిలో ఉంటే పెత్తనం వాడిదే.

2014 మే 25న ఆ కొండ మీదికి మన పిల్లలు ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పాకాల లంబాడీ బిడ్డ మాలావత్ పూర్ణకు అప్పుడు 13 ఏళ్ళు. అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు. తోడుగా ఖమ్మం జిల్లా దళిత బిడ్డ సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులం పిల్లలే. ఎక్కింది టిబెట్ వైపు నుంచి, అంటే చోమోలుంగ్మా అని పిలిచేవాళ్ళ వైపు నుంచి. ఈ ఇద్దరి పేర్లు మన ప్రతి ఇంట్లో తెలియాలి.

ఇక మనం చేయాల్సిన పని. మీ ఊరి గుట్టకు, చెరువుకు, బీడుకు మన ముసలోళ్ళు ఏ పేరు చెబుతారో అడగండి. చెరువు కట్టకు మట్టి మోసిందెవరో, బావి తవ్వుతూ ప్రాణం పోగొట్టుకున్నదెవరో అడగండి. పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి. రికార్డుకెక్కని పేరు గలవాడి భూమి ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కరలేదు. ముసలోళ్ళు ఉండగానే ఈ పని మొదలుపెడదాం.

జై భీమ్.