అడవి మట్టి కట్టిన దీవి

మా ఊరు అశ్వారావుపేట. ఒకవైపు అడవి, మరొకవైపు జీడిమామిడి తోటలు, పామాయిలు తోటలు. మాకు తెలిసిన నీరు వాగునీరు. వానకాలమున ఎఱ్ఱగా ఉరికివచ్చి, వేసవి నాటికి ఇసుకలో ఇంకిపోవు నీరది. మా మండలములోని గుమ్మడవల్లి యొద్ద పెదవాగు నీరు కట్టక్రింద కొంతకాలము నిలిచి, మా పొలములు తడిపి, వేలేరుపాడు సీమమీదుగా పోయి గోదావరిలో కలియును. అటుపిమ్మట దాని సంగతి మేమెన్నడును విచారింపలేదు. కూతురును అత్తవారింటికి పంపిన తండ్రి ఏడాదికొక పర్యాయమైనను పోయి చూచివచ్చును. వాగును సాగనంపిన మేము మాత్రము దాని అత్తవారిల్లు ఎరుగము.

2024 జూలైలో ఆ పెదవాగు కట్ట తెగెను. దిగువ గ్రామములను నీరు ముంచెను. కొన్ని చేలలో ఇసుక మేటలు వేసెను; కొన్ని చేలలో పైమట్టి కొట్టుకొనిపోయి రాళ్లు తేలెను. మాలో వయసున పెద్దవారును, వరుసకు మా అందరికిని పెదనాయనయు అయిన రైతు ఒకరు బంధువుల చేను చూడబోయి, గట్టుమీద నిలిచి, "ఇంత మట్టీ ఎక్కడికి పోయిందిరా?" అని అడిగిరి. ఆ ప్రశ్నకు మాలో ఎవరును జవాబు చెప్పలేకపోతిమి. ఆ జవాబు వెదకుటకే ఒక మాఘమాసమున మేము పిల్లలతో కూడ తొమ్మండుగురము కాకినాడకు బయలుదేరితిమి.

జీలుగుమిల్లి, జంగారెడ్డిగూడెము దాటి, కొవ్వూరు యొద్ద గోదావరిని చేరితిమి. నది దాటి ధవళేశ్వరము పోయితిమి. కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్ట 1852లో పూర్తియైనది. దాని స్థానమున ఇప్పుడు బరాజు ఉన్నది. ఇచ్చట నది రెండు పెద్ద పాయలగును: తూర్పుది గౌతమి, పడమటిది వసిష్ఠ. గౌతమి యానాము చేరువకు పోయిన పిమ్మట కోరంగి, గాడేరు అను చిన్నపాయలు దాని నుండి చీలి, ఉత్తరముగా ప్రవహించి కాకినాడ అఖాతములో పడును. మా వాగునీటిలో కొంత ఈ దారినే పోవునని తెలిసి పిల్లలు సంతోషించిరి.

మరునాడు ప్రొద్దుననే, అనుమతి పొంది, జగన్నాథపురము వైపున కాలువలో నావ యెక్కితిమి. ఇరుప్రక్కల చేపల నావలు, ఆరవేసిన వలలు, ఎండుచేపల వాసన. కాలువ దాటగానే నీరు విశాలమయ్యెను. మేము సముద్రమనిన పెద్ద అలలు వచ్చి మీద పడునని ఊహించి, పట్టుగా కూర్చుంటిమి. అయితే నీరు చెరువు నీటివలె నిశ్చలముగా నున్నది. మా చిన్నపిల్ల "అలలేవీ?" అని అడిగెను. చుక్కాని పట్టిన సరంగు నవ్వి, దూరమున నల్లని గీతవలె కనబడుచున్న దానిని చూపి, "అలలన్నీ ఆ దీవికి అవతల ఉన్నాయండి. ఇవతలకి రానివ్వదండి, ఆయ్!" అనెను.

అదియే హోప్ దీవి. పొడవు సుమారు పదునారు కిలోమీటర్లు, వెడల్పు స్వల్పము. పర్వతములవలె యుగయుగముల నాటిది కాదు. రమారమి రెండువందల సంవత్సరములలో, మన తాత ముత్తాతల కాలమున, పెరిగిన ఇసుకదిబ్బ. గోదావరి వరదలలో తెచ్చిన ఇసుకను మొగయొద్ద సముద్రములో పోయును. నైరుతి గాలులకు లేచిన అలలు ఆ ఇసుకను తీరము వెంబడి ఉత్తరమునకు నెట్టుచుండును. ఏటికేడు ఆ విధముగా సాగి సాగి అది కొడవలి వంకవలె నిలిచినది. దాని చాటున నీరు నెమ్మదించుటచే కాకినాడకు సహజమైన నౌకాశ్రయము లభించినది. నదులు మోసుకొనివచ్చిన సన్నని బురద ఈ నెమ్మదినీటిలో అడుగున దిగును. ఆ బురదమీద మడ అడవి మొలచును.

నావ దక్షిణమునకు తిరిగెను. ఒకచోట మనుష్యులు మొలలోతు నీటిలో నిలిచి బురదలో గుల్లలు ఏరుచుండిరి. గోడలకు వేయు గుల్లసున్నము ఇటువంటి గుల్లలను కాల్చి చేసినదే. తరువాత గాడేరు ముఖమున మడచెట్లు కనబడెను. అడవి మాకు క్రొత్త కాదు. కాని ఇట్టి అడవిని చూచియుండలేదు. నల్లమడ చెట్ల చుట్టు వేళ్లు నేలనుండి పైకి మేకులవలె లేచియున్నవి. ఉప్పుబురదలో గాలి ఆడదు గనుక వేళ్లే పైకి వచ్చి గాలి పీల్చుకొనును. తిల్లచెట్టు పాలు కంటబడినచో కన్ను మండి చూపునకే చేటు వచ్చునని సరంగు పిల్లలను హెచ్చరించెను. 1978 నుండి ఇది కోరంగి అభయారణ్యము; వైశాల్యము 235 చదరపు కిలోమీటర్లకు పైబడినది. బావురుపిల్లియు నీటికుక్కయు ఇచ్చటి కాపురస్థులు. మాకు మాత్రము కొంగలును, బురదలో పీతలును కనబడి, తక్కినవి దాగుకొనెను.

కోరంగి ఒకప్పుడు గొప్ప రేవు. ఇచ్చట ఓడలు కట్టెడివారు. బర్మాకు కూలికి పోయిన తెలుగువారిని అచ్చట కోరంగీలని పిలుచుట ఈ రేవుపేరు వలననే. 1789లోను, మరల 1839 నవంబరులోను తుపానులు వచ్చి, సముద్రము ఊరిమీదికి పొంగెను. ఆ పిమ్మట కోరంగి కోలుకొనలేదు. ఆ దినములలో ఈ దీవి నేటివలె ఎదిగియుండలేదు.

మధ్యాహ్నమునకు దీవిలో దిగితిమి. ఇవతల నిశ్చలజలము, నాలుగడుగులు నడిచి దిబ్బ దాటగా అవతల బంగాళాఖాతపు ఘోష. ఇసుకమీద బండిచాలువంటి గుర్తులుండెను. రాత్రి సముద్రపు తాబేలు వచ్చి గ్రుడ్లుపెట్టి మరలిన దారి యది. ఏటేట చలికాలము చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఇసుకను వెదకికొని వచ్చును. పెదనాయన ఒక పిడికెడు ఇసుక తీసి, అరచేతిలో పరచి చాలసేపు చూచిరి. సరంగు దగ్గరకు వచ్చి, "తమరిది ఏ ఊరండి?" అని అడిగెను. చెప్పితిమి. "అడవి ఊరాండి! అయితే ఈ దీవిలో తమ వాటా కూడా ఉందండి. వరదొచ్చిందంటే ఆ వెదుళ్లూ దుంగలూ ఇక్కడికే కదండీ వచ్చేది" అనెను.

తిరుగుప్రయాణమున ఆలస్యము చేసితిమి. పాటు తీసి నీరు తగ్గగా, నావ బురదలో కూరుకొని కదలక నిలిచెను. గెడలు వేసినను ఫలము లేకపోయెను. పోటు వచ్చువరకు రెండు గంటలు వేచియుంటిమి. పిల్లలు భయపడిరి. పెదనాయన మాత్రము, "మన మట్టే మనల్ని పట్టుకుంది, ఉండనీయండి" అనిరి.

ఆ రెండు గంటలలో సరంగు చెప్పిన మాటలు మాకు మరపురావు. నేడు గోదావరి మునుపటివలె మట్టి తెచ్చుట లేదట. ఇంటికి వచ్చి తెలిసికొనగా అది నిజమే. నదిమీదను, ఉపనదులమీదను కట్టిన జలాశయములలో మట్టి నిలిచిపోవుచున్నది. 1970 దశాబ్దమున నది సముద్రమునకు తెచ్చిన ఒండ్రులో సగమునకు తక్కువయే 1990 దశాబ్దమున తెచ్చినదని పరిశోధకులు లెక్కకట్టిరి. డెల్టా అంచున చాలచోట్ల సముద్రము నేలను కోసికొనుచున్నది. కాకినాడకు ఉత్తరమున, జాందానీ చీరలకు పేరుపొందిన ఉప్పాడలో తీరము తెగి ఇండ్లు పోయినవి. నీరు లేక పంట లేదు గనుక ఆనకట్టలు కూడదని మేమనజాలము. కాని వాగుల ఇసుకను లారీలకెత్తుట మన కన్నులయెదుట జరుగుచున్నది. అది పోగా దిగువకు మిగులునదెంత? 1996 నవంబరు 6 నాటి తుపాను ఈ తీరమున ఎందరి ప్రాణములు తీసినదో ఇచ్చటివారు మరువలేదు. అట్టి దినమున అలకు ఎదురు నిలుచునవి ఈ ఇసుకదిబ్బయు, ఈ మడచెట్లునే.

చీకటిపడునప్పటికి పోటు వచ్చెను. నావ మెల్లగా ఊగి, తేలి, దానంతటదే కదలెను.

చూడగోరువారు మాఘ ఫాల్గుణములలో పోవుట మేలు. అటవీశాఖవారి అనుమతియు, త్రాగునీరును వెంట నుంచుకొనవలెను. సరంగు చెప్పిన వేళకు మరలవలెను. మావలె ఆలస్యము చేయరాదు. తాబేటి దారులు తొక్కరాదు.

ఇంటికి వచ్చినపిదప పెదనాయన తమ చేని గట్లు ఎత్తించి, వాలున వెదురు నాటించిరి. "దీవికి మట్టి కావాలంటిరే, మరి అడ్డము వేయుచున్నారేమి?" అని అడిగితిమి. వారు, "చేలో మట్టి చేలో ఉండాలి, వాగులో ఇసుక వాగులో నడవాలి. రెండూ వేరురా" అనిరి. గట్టుమీద నాడు వారు అడిగిన ప్రశ్నకు వారే ఇచ్చిన జవాబిది. ఇప్పుడు వాగు పొంగినప్పుడు మా పిల్లలు ఒడ్డున నిలిచి, అది దీవికి పోవుచున్నదని చెప్పుకొనుచున్నారు.