తీగ నుంచి ఉపగ్రహం దాకా ఒకే లెక్క

(మచిలీపట్నంలో మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కేబుల్ పని చేసినవారికి లోడింగ్ కాయిల్ గుర్తుండే ఉంటుంది. దూరపు జంక్షన్ కేబుల్లో ప్రతి 1,830 మీటర్లకు 88 మిల్లీహెన్రీల కాయిల్ కలిపేవారు. బందరు నుంచి గుడివాడకు 36 కిలోమీటర్ల కేబుల్ అనుకుంటే జతకు సుమారు 20 కాయిల్స్. దానివల్ల మాట క్షీణించకుండా చేరేది. కాని సుమారు 3,400 హెర్ట్జ్‌లు దాటిన ధ్వని అవతలికి వెళ్లేది కాదు. ఆ హద్దు దగ్గరపడేకొద్దీ అల వేగం కూడా తగ్గుతుంది. ఇలా ఫ్రీక్వెన్సీని బట్టి వేగం మారడాన్నే విక్షేపణం అంటారు.

దీన్ని లెక్కకట్టడానికి 20 భాగాలూ అక్కరలేదు. అన్నీ సమానమైతే ఒక్క భాగం చాలు. అందులో అల ఎంత వెనకబడుతుందో, ప్రతి భాగంలోనూ అంతే వెనకబడుతుంది. ఈ గణితానికి 1883లో ఫ్రెంచి గణితవేత్త ఫ్లోకే పునాది వేశాడు. భాగానికి ఎంత వెనుకబాటో అడ్డంగా, ఫ్రీక్వెన్సీ నిలువుగా గీస్తే ఏ అల పోతుందో, ఏది ఆగుతుందో, ఎంత వేగమో ఒకే గీతలో కనిపిస్తుంది. ఒక్క కాయిల్ దూరం తప్పినా ఈ సమానత్వం చెడి, లైనులో ప్రతిధ్వని పుడుతుంది. టేపు పట్టి కొలిచిన లైన్‌మన్ కాపాడినది ఆ సమానత్వాన్నే.

మైక్రోవేవ్‌కూ ఇదే లెక్క. 1943లో ఇంగ్లండులో కాంఫ్‌నర్ ట్రావెలింగ్ వేవ్ ట్యూబ్ కనిపెట్టాడు. అలకు బలమివ్వాల్సిన ఎలక్ట్రాన్లు కాంతి వేగాన్ని అందుకోలేవు. కనుక అలను సమానమైన చుట్లున్న తీగ వెంట నడిపిస్తారు. చుట్టూ తిరిగి రావడంతో ముందుకు సాగే వేగం కాంతి వేగంలో పదోవంతు వరకు తగ్గుతుంది. అప్పుడు ఎలక్ట్రాన్లు తోడు నడిచి తమ శక్తిని అలకిస్తాయి. చుట్ల మధ్య దూరం తేడా వస్తే ఆ జత కుదరదు. అందుకే ట్యూబు చేయకముందే ఒక చుట్టును లెక్కకట్టి చూస్తారు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి, వేలమందిని బలిగొన్నది మనమెవ్వరం మరువలేం. ఆ తరువాత, 1980లలో, ఇన్సాట్ ద్వారా తీర ప్రాంతాలకు నేరుగా తుపాను హెచ్చరికలు పంపే ఏర్పాటు వచ్చింది. ఆ ఉపగ్రహాల్లో సంకేతానికి బలమిచ్చినవి ఇలాంటి ట్యూబులే.

రాగి తీగల స్థానంలో ఫైబర్ వచ్చింది. బ్రాడ్‌బాండ్ కోసం పాత కాయిల్స్ తీసేయాల్సి వచ్చింది. అయినా సమాన దూరాల లెక్క మారలేదు. ఇంజనీరింగ్ చదివే మనుమలకు, మనుమరాళ్లకు కాయిల్ సంగతి చెప్పండి. వారి పాఠం సులువవుతుంది, మన పని విలువ వారికి తెలుస్తుంది.